రీకాల్ లేఖకు టీకా తాత్పర్యం

మూలము: “మా విలువైన వినియోగదారుల భద్రతే పరమావధిగా, ముందుజాగ్రత్త చర్యగా, కొన్ని వాహనములలోని ఎయిర్‌బ్యాగ్ భాగమును స్వచ్ఛందముగా పరిశీలించి, అవసరమైనచో ఉచితముగా మార్చబడును.”

అవతారిక: తమ బండిలో లోపమున్నదని తెలిసిన కార్ల కంపెనీవారు, ఆ ఒక్క మాట తప్ప తక్కినవన్నీ వాడి పంపు లేఖ యిది.

టీక: భద్రత, పరమావధి సుగమములు. “ముందుజాగ్రత్త” యొద్ద ఆగవలెను. ఇచట అపహ్నుత్యలంకారము. ఉన్నదానిని కాదని వేరొకదానిని నిలుపుట దాని లక్షణము. కువలయానందమున అప్పయ్య దీక్షితులు దీనికి ఆరు భేదములు చూపెను. శుద్ధాపహ్నుతి యని కొందరందురు. పొసగదు, అందు “ఇది లోపము కాదు” అని నోటితో అనవలెను, వీరు లోపమను మాటే ఎత్తలేదు. నెపము, మిష వంటి పదముతో కప్పిపుచ్చుట కైతవాపహ్నుతి; “చర్యగా” లోని “గా” ఆ పనియే చేయుచున్నదని నా మతము. గుట్టు బయటపడబోగా చమత్కారముగా మాట మార్చుట ఛేకాపహ్నుతి. దీనికి ఉదాహరణము సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర వినబడును: “ఎయిర్‌బ్యాగ్ పేలుద్దంటగా?” “పేలడం కాదు సార్, చిన్న అప్‌డేట్ ఉంది.”

“స్వచ్ఛందముగా”: 2012లో వాహన తయారీదారుల సంఘం సియామ్ తనకు తాను రాసుకున్న రీకాల్ నియమావళి నాటి విశేషణము. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 110ఎ సెక్షన్‌తో, బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలూ ఉన్నాయి, జరిమానా కోటి రూపాయల దాకా. అయితే తయారై 7 ఏళ్లు దాటిన బండికి అవి వర్తించవు.

ఇక్కడే వ్యాఖ్యాతకు ఒళ్లు మండేది. తకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగులలో ఉన్నది అమ్మోనియం నైట్రేట్. అది ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడి, బండి గుద్దుకున్నప్పుడు అదుపుతప్పి పేలితే ఇనుప పెంకులు ఎదురుగా కూర్చున్నవాళ్ల మీదికే వస్తాయి. మన దేశంలో హోండా 2017 జనవరిలో 2012లో తయారైన 41,580 కార్లను ఇందుకే పిలిచింది. అంటే బండి పాతబడేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. రెంటచింతల ఎండలో పదేళ్లు నిలబడ్డ కారుకేనా చట్టం గొడుగు ముడిచేది?

“విలువైన వినియోగదారుల”: మొదట కొన్నవారని అర్థము. హైదరాబాద్‌లో ఒకరు అమ్మి, నరసరావుపేటలో ఒకరు వాడి, మాచర్లలో మూడోచేతికి వచ్చిన బండి తాలూకు మెసేజ్ ఇప్పటికీ హైదరాబాద్ ఫోన్‌కే పోతుంది. ఆర్‌సీలో పేరు మారింది, ఆర్టీవో దగ్గర రికార్డూ ఉంది. కంపెనీ వాళ్లు అడిగి తీసుకోవడానికేం?

“ఉచితముగా”: సామాను మాత్రమే. గురజాల నుంచి గుంటూరు పోయిరావడం, డీజిల్, ఆ రోజు పోయిన బాడుగ, “పార్టు రాలేదు, వచ్చాక ఫోన్ చేస్తాం” అన్న మాట, ఇవి అధ్యాహార్యములు.

“మార్చబడును”: ఎవరిచేత? కర్త కానరాడు.

తాత్పర్యము: పాత బండి కొన్నవారు ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి తామే చూచుకొనవలెను. పిలుపున్నచో పైసా ఇయ్యనక్కరలేదు. పార్టు ఎన్నడు వచ్చునో మూలమున లేదు.