శిబిరంలో ఓట్లు రాబట్టే కిటుకులు

1864 నవంబరు 8న అమెరికాలో అధ్యక్ష ఎన్నిక. అంతర్యుద్ధం నాలుగో ఏట నడుస్తోంది. ఒకవైపు లింకన్, ఇంకోవైపు డెమోక్రాట్ల తరఫున, రెండేళ్ల కిందట ఆయనే సేనాపతి పదవి నుంచి తీసేసిన మెక్‌లెల్లన్. ఓటర్లలో లక్షలమంది ఊళ్లో లేరు, గుడారాల్లో ఉన్నారు. మీరు పార్టీ ఏజెంటైతే ఈ చిట్కాలు మీకే. ఏ పార్టీ అని అడగను. నాకెందుకు?

ముందు చట్టం సంగతి. సైనికుడు ఉన్నచోటి నుంచే ఓటేసే వీలు 19 రాష్ట్రాలు కల్పించాయి. సైనికులు మీవైపు లేరని అనుమానమా? మీ రాష్ట్రంలో ఆ చట్టం రానివ్వకండి. ఇండియానాలో, ఇల్లినాయ్‌లో డెమోక్రాట్లు చేసిందదే. కాకపోతే లింకన్ తక్కువవాడేం కాదు. ఇండియానావాళ్లను ఓటుకి ఇంటికి పంపగలిగితే బాగుంటుందని జనరల్ షెర్మన్‌కి ఉత్తరం రాశాడు. ఇది ఆజ్ఞ కాదు సుమా అని కూడా రాశాడు. మీరూ అలాగే రాయండి. పెద్దాయన ఆజ్ఞ కాదన్నాడంటే కింది ఉద్యోగికి అర్థమైపోతుంది.

ఓటు చీటీలు సర్కారువి కావు, పార్టీలే అచ్చేసి పంచుతాయి. కాబట్టి ఎదుటివాళ్ల చీటీల మూట దారిలో ఎక్కడో తప్పిపోయిందనుకోండి, కుర్రాళ్లకు ఎంచుకునే శ్రమ తప్పుతుంది. పెట్టె పక్కన కెప్టెన్‌గారిని నిలబెట్టండి. ఆయన నోరు విప్పక్కర్లేదు, చేతిలోది ఏ పార్టీ చీటీయో చూస్తే చాలు.

న్యూయార్క్ పద్ధతి మరీ సుఖం. సైనికుడు చీటీని కవర్లో పెట్టి, సంతకం చేసి ఊళ్లో నమ్మకస్తుడికి పంపితే, అతను తీసుకెళ్లి పెట్టెలో వేస్తాడు. ఇంత దూరం ప్రయాణంలో మీరు చేయి కలపకపోతే ఎలా? సైనికుడి పేరూ, సాక్షి అధికారి సంతకమూ మీరే గీకేయండి. బాల్టిమోర్‌లో న్యూయార్క్ ఏజెంట్లు సరిగ్గా ఈ పనే చేసి దొరికిపోయారు. సైనిక న్యాయస్థానం యావజ్జీవం వేసింది. చిట్కాలో లోపం లేదు, చేతివాటం చాల్లేదంతే.

ఇరవయ్యొకటి నిండని కుర్రాళ్ల మీద కాలం వృథా చేయకండి, తుపాకీ మోస్తారుగానీ ఓటు లేదు. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది రాష్ట్రాల తరఫున పోరాడారు. వారిలో చాలామందికి వయసు నిండినా ఓటు లేదు. చీటీల ఖర్చు మిగిలింది.

ఆఖరిది, నేను ఒట్టేసి చెప్పేది: సైనికుడు తనను కన్నబిడ్డలా చూసుకున్న మెక్‌లెల్లన్‌కే వేస్తాడు. పైగా ఆ పార్టీ యుద్ధం ఆపుతామంటోంది, ఇంటికి పోవాలని ఎవరికుండదు? నా మాట నమ్మి పందెం కాయండి. సైనికుల ఓట్లు విడిగా లెక్కపెట్టిన రాష్ట్రాల్లో నూటికి 78 దాకా లింకన్‌కే పడ్డాయి. అంటే ఇంకా కొట్లాడతామని.

ఆ ఎన్నికకు దాదాపు నెల ముందు మేరీలాండ్‌లో, బానిసత్వాన్ని రద్దు చేసే కొత్త రాజ్యాంగం మీద ఓటింగ్ జరిగింది. ఊళ్లలో పడ్డ ఓట్ల లెక్కలో అది దాదాపు రెండు వేల తేడాతో ఓడిపోయింది. తర్వాత శిబిరాల నుంచి వచ్చిన ఓట్లు కలిపారు. 375 ఓట్లతో గెలిచింది. నవంబరు 1 నుంచి మేరీలాండ్‌లో బానిసలు లేరు.