లెక్కల సాబ్

దసరాకు నెల ముందు అఫ్జల్‌గంజ్ రంగుల దుకాణాల్లో ఈయన తప్పక కనిపిస్తాడు. చంకలో షేడ్ కార్డులు, జేబులో టేపు, ముఖాన అనుమానం. దుకాణాలవాళ్లు పెట్టిన పేరు ‘లెక్కల సాబ్’. ఇంటికి రంగులు తనే వేసుకోవాలా, పెయింటర్లను పెట్టాలా అన్నది ఆయన సమస్య. సమస్యేమిటి లెండి, కాలక్షేపం!

పది పన్నెండు గది, పదడుగుల ఎత్తు. గోడలు 440, సీలింగు 120, వెరసి 560 చదరపు అడుగులు. లప్పం పెట్టిన నున్నటి గోడకైతే లీటరు ఎమల్షన్ రెండు పూతలకు అటూ ఇటూగా 60 అడుగులొస్తుంది. అంటే తొమ్మిది లీటర్ల పైమాట. ఇంతవరకు ఎవరైనా వేస్తారు లెక్క. ఆయన ఇందులోంచి తలుపు, కిటికీ తీసేస్తాడు. న్యాయమే. ఆపైన బీరువా వెనక గోడ తీసేస్తాడు. వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వెనకదీ తీసేస్తాడు.

పొద్దున్నే అడ్డా మీదికి పోయి, రోజుకో మేస్త్రీని రేటు చెప్పమని ఇంటికి పిలుచుకొస్తాడు. రేటు వంక మాత్రమే, కావలసింది పాఠం. లప్పం రెండుసార్లు పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి ప్రైమర్ కొట్టాలని ఒకరి దగ్గర నేర్చాడు. రోలర్ తడి ఆరకముందే పక్క పట్టీ కలిపెయ్యాలని ఇంకొకరి దగ్గర. గురుదక్షిణ ఒక చాయ్.

ఒక ముసలి మేస్త్రీ హాలు గోడకు అరచెయ్యి ఆనించి, “పైన ట్యాంకు కారుతుంది సార్. చెమ్మ ఆరకుండ రంగేస్తే పొక్కులు లేస్తయ్” అన్నాడు. సాబ్ ఒప్పుకోలేదు. అది 1908 మూసీ వరద తాలూకు తేమట! ఆ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు మాత్రం వెనక్కి పోలేక ఈయన హాల్లో ఆగిపోయాయన్నమాట.

“ఇల్లు కట్టిందే 1987లో కదండీ” అంది వంటింట్లోంచి ఇల్లాలు.

నిరుడు ఆవిడ పోరు పడలేక ఓ పెయింటర్ కుర్రాణ్ణి పెట్టాడు. డబ్బా మూత తీసేదాకా అంతా సవ్యం. కొన్ని రంగుల డబ్బాల్లో పెయింటర్ల కోసం కంపెనీ టోకెన్ పెడుతుంది, దుకాణంలో ఇస్తే డబ్బులొస్తాయి. కూలి లెక్కలో రాయని కూలి అది.

“డబ్బా కొన్నది నేను. టోకెన్ నాది” అన్నాడు సాబ్.

“రంగు వేసేటోళ్లదే సార్ టోకెన్.”

“అయితే నేనే వేసుకుంటా!”

ఏళ్ల తరబడి తేలని సమస్య అర నిమిషంలో తేలింది. కుర్రాడు సగం హాలు దగ్గరే రోలర్ కడిగి వెళ్లిపోయాడు. తక్కిన సగం సాబ్ చేతి చలవ. ఫ్యాను కింద నిలబడితే సరిహద్దు స్పష్టంగా తెలుస్తుంది: ఇవతల గోడ, అవతల ఇండియా మ్యాపు.

టోకెన్లు పట్టుకుని అఫ్జల్‌గంజ్ వచ్చాడు. సేఠ్ తల అడ్డంగా ఊపాడు. “ఇవి పెయింటర్లకే సాబ్.”

సాబ్ మాట్లాడకుండా రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టాడు. మోచేతుల దాకా లేత పసుపు.

సేఠ్ వాటిని ఎగాదిగా చూసి, గల్లా తెరిచి నోట్లు లెక్కపెడుతూ అడిగాడు: “ఏ అడ్డా మీద నిలబడతవ్ ఉస్తాద్? మా గోదాముకు సున్నం వెయ్యాలె.”