ఎడమకాలు తప్ప అంతా క్షేమం

దుబాయి, సోనాపూర్ క్యాంపు

బావకు నీ బామ్మర్ది నమస్కారం పెట్టి రాయునది.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరు క్షేమమని తలుస్త. క్షేమమంటే ఎడమకాలు తప్ప. రెండు పక్కబొక్కలు సుత తీసెయ్యి. మిగిలిన సామానంత బాపు ఇచ్చింది ఇచ్చినట్టే ఉన్నది.

ఫోనుండంగ ఉత్తరమేందిరా అంటవు. ఫోను తొమ్మిదో అంతస్తు మీదికెళ్లి కిందికి పోయింది. నేను పోలే. మా ఇద్దరికి తేడా ఒక్కటే, నాకు తాడు కట్టి ఉండె, దానికి లేకుండె. రూముల వేరేటోళ్ల ఫోన్లున్నయ్ గని, వీడియో కాల్ చేస్తే అమ్మ ముందుగాల కట్టు చూస్తది, అటెన్క నా మొకం చూస్తది. అందుకే రేపు ఇంటికి వస్తున్న మెట్‌పల్లి మనిషి సంచిల, టైగర్ బామ్ డబ్బాల నడుమ ఈ కాయితం పెడుతున్న. అక్కకు చదివి వినిపియ్యి. అమ్మ సంగతి ఆఖర్ల రాసిన.

బాపు తాడు చెట్టు మీదికెళ్లి పడి నడుము పోగొట్టుకున్నప్పుడు అమ్మ నాతోని ప్రమాణం చేయించింది, యాదికున్నదా? "మోకు ముట్టకు బిడ్డా, నేల మీద పని చేసుకో" అన్నది. నేల మీద పని కోసమే కదా మూడు లక్షలు మిత్తికి తెచ్చి ఏజెంటుకు పోసింది! వాడు హెల్పర్ పని అన్నడు. ఎంత ఎత్తు మీద హెల్పర్ అని నేను అడగలే. వచ్చి చూస్తే స్కాఫోల్డింగు పని. మన ఊరి పెద్ద తాడు మీద ఇంకో తాడు నిలబెడితే ఎంతనో గంత ఎత్తు. అమ్మకు మాత్రం కంపెనీ పని అని చెప్పిన. అబద్ధం కాదు, కంపెనీదే పని.

మొన్న ఏమైందంటే, ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడింటి దాక ఎండల పని బంద్. సర్కారు రూలు. ఇంకో పావుగంటైతే బ్రేకు. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్. చెయ్యి పైపు మీద ఉన్నది, మనసు టిఫిన్ డబ్బా మీద ఉన్నది. కాలు పెట్టిన పలక కట్టి లేదు. అది అటు జారింది, నేను ఇటు జారిన.

మా సేఫ్టీ ఆఫీసరు మలయాళీ. రోజు పొద్దుగాల మమ్ముల వరుసల నిలబెట్టి "దో హుక్, హమేషా దో హుక్" అని ఒక్కటే పాట. బెల్టుకు రెండు కొక్కేలుంటయ్, ఒకటి తగిలించినంకనే ఇంకోటి ఇప్పాలె. కోతి కొమ్మ మారినట్టు. మేం నిలబడే కునుకు తీసెటోళ్లం. గని ఆ పాట నిద్రలనే నెత్తిలకెక్కిందేమో, ఆ గడియకు ఒక కొక్కెం మాత్రం తగిలి ఉన్నది.

బెల్టు తాడుకు చిన్న సంచి లెక్క ఒకటి ఉంటది. ఆరు నెలల సంది అది తంబాకు పెట్టుకునెతందుకు ఇచ్చిండ్రనుకున్న. దాని లోపట పట్టీ మడతలు మడతలుగ కుట్టి ఉంటదట. మనిషి పడంగనే ఆ కుట్లు పటపట తెగుకుంట పట్టీ సాగుతది, గుంజుడు మెల్లగైతది. అది లేకుంటే తాడే నడుము ఇరగ్గొడుతది. రెండు నిలువులంత పడ్డ. తెగిన కుట్ల చప్పుడు ఇంకా చెవులల్ల ఉన్నది, అక్క జాకెట్టు కుట్లిప్పినట్టే. అయితే తాడు ఊరుకోక ఊయల ఊగింది. పోయి స్లాబు అంచుకు మడమతోని తన్నిన. స్లాబుకు ఏం కాలే.

బాపును తాడు పడేసింది, నన్ను తాడు పట్టుకున్నది. వేలాడుకుంట నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇదే.

ఎక్కడ పట్టుకున్నదంటవా? బెల్టు పట్టీలు తొడల సందుకెళ్లి పోతయ్. (అక్కకు చదివేటప్పుడు ఈ లైను ఇడిసిపెట్టు.) నవ్వే ముచ్చట కాదు బావా. గట్ల వేలాడితే నెత్తురు కాళ్లల్లనే నిలుస్తదట, పైకి ఎక్కదట, కొన్ని నిమిషాలల్లనే మనిషి సోయి తప్పుతడట. నాకది తెల్వది. పైకెళ్లి బంగ్లాదేశ్ దోస్తు "పైర్ హిలా! పైర్ హిలా!" అని ఒర్రుతున్నడు. నేనిట్ల చస్తుంటే వీడు డ్యాన్సు చెయ్యమంటడేందని తిట్టిన. అటెన్క సమజై, మంచిగున్న కాలుతోని సైకిల్ తొక్కినట్టు తొక్కిన. గాలిల ఒంటికాలు సైకిల్. కింద నిలబడి ఎవడో అది సుత వీడియో తీసిండు.

పదకొండు నిమిషాలు వేలాడిన. అందుల కొండగట్టు అంజన్నకు మొక్కిన, వేములవాడ రాజన్నకు కోడె మొక్కిన, మన కాటమయ్యకు యాట మొక్కిన. సమ్మక్కకు నిలువెత్తు బంగారం సుత మొక్కిన. గాబరా కాకు, బెల్లమే. ధర్మపురి నర్సన్న పేరు ఎత్తేటాల్లకు క్రేను తొట్టె కనవడ్డది, అక్కడ ఆపిన. లెక్కంత నువ్వే రాసిపెట్టు. కోడె ముందు తీర్చు, యాట నేను వచ్చినంక చూద్దాం.

క్రేను నడిపేటోడు పెషావర్ పఠాన్. క్రికెట్ మ్యాచి ఉన్న రోజు వానికి నాకు మాటలుండయ్. ఆ తొట్టెను నా పక్కకు ఎట్ల తెచ్చిండంటే, అక్క ఉట్టి మీది పాలకుండ దించినట్టు, తొణకకుంట. అందుల ఉన్న నేపాలీ పిలగాడు నన్ను నడుము పట్టి లోపటికి గుంజుకుని, పడ్డ పలక కోసం కిందికి చూసి, "భాయ్, నీ ఫోను గయా" అన్నడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఇగ నుంచి పఠాన్‌తోని మ్యాచి రోజు సుత మాట్లాడుత, మనం గెలిచిన రోజు జర ఎక్కువ మాట్లాడుత.

దవాఖానల కేరళ నర్సమ్మ, నొప్పికి పదికి ఎన్ని అని అడిగింది. బడిల ఎన్నడు రాని మార్కులు కదా అని తొమ్మిది అన్న. సూది గట్టిదే ఇచ్చింది. మడమల ఆరు స్క్రూలు పెట్టిండ్రు. వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుల మిషిను మోగితే దుబాయి నుంచి బంగారం దాచి తెస్తున్నడనుకుంటరు, ఇనుమని నువ్వన్న చెప్పు. ఖర్చు కంపెనీదే. ఆరు నెలల దాక పూర్తి జీతం ఇయ్యాల్నని ఇక్కడి చట్టం, మిత్తికి ఢోకా లేదు.

పండుకుని కిటికీల కెళ్లి చూస్తే ఖర్జూర చెట్లు. మన ఈతచెట్టుకు పెద్దన్నలు. ఒక్కనికి లొట్టి కట్టే తెలివి లేదు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఈ ఉత్తరం నా కాలు కోసం రాయలే. 2024 జూలైల ముఖ్యమంత్రి లష్కర్‌గూడల తాడెక్కేటోళ్ల కోసం షురూ చేసిన కాటమయ్య రక్షణ కవచం కిట్టు నీకు సుత వచ్చింది, ట్రైనింగుకు పోయి ఫోటో దిగినవు. ఆ తాడు ఇప్పుడు ఎక్కడున్నదో అక్క నాకు చెప్పింది. బర్రె మెడల ఉన్నది. బర్రె తాడెక్కుతదా బావా? దానికి ఇంకో తాడు కొను, పైసలు పంపుత. నువ్వు పొద్దుమాపు ఎక్కేటోనివి.

అమ్మకు మెట్లు జారి పడ్డనని చెప్పు. ఎన్ని మెట్లురా అని అడుగుతది, ఆమె అడగకుంట ఉండదు. తొమ్మిది అంతస్తులవి, లెక్కపెట్టలేదన్నడని చెప్పు.

నీ బామ్మర్ది