గా కోచ్‌కేం దెల్సు: మూలం, టీక, తాత్పర్యం

మూలం:

“అరె, గా కోచ్‌కేం దెల్సన్నా! మనోణ్ని పక్కకు వెట్టిండు, నలభై ఏండ్లాయనను మల్ల తెచ్చిండు. క్లబ్బులోల్లు పిల్లగాండ్లను ఇడుస్తరా అంటే ఇడువరు. రహీం సాబ్ ఉంటె గిట్లయ్యేదా?”

అవతారిక: షిల్లాంగులో భారత్, బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ జట్లు చెరి సున్నా పంచుకున్న 2025 మార్చి 25 రాత్రి, సికింద్రాబాదు అమ్ముగూడ వైపు ఒక చాయ్ హోటల్ ముందు ఈ మహావాక్యం ఆవిర్భవించింది. కర్త పేరు తెలియదు. శ్రోత ‘అన్న’ అని సంబోధన వల్ల తెలుస్తోంది. ఛందస్సు లేదు, వ్యాకరణం ఉంది, ఆవేశం మిక్కుటం. ఇలాంటి వాక్యానికి వ్యాఖ్యానం అక్కరా అని అడిగేవారికి మా మనవి: వ్యాఖ్యాతల్లో చక్రవర్తి మల్లినాథసూరి మా మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. ఫుట్‌బాల్ విషయంలో అంతటి నిగ్రహం మాకు చేతకాదు కనుక మేము ఏ ప్రతిజ్ఞా పట్టడం లేదు.

టీక: అరె = నిందకు ముందు పలికే మంగళాచరణం. గా = ఆ; టీవీలో గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ. కోచ్‌కు = మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థునికి. ఏం దెల్సు = ఏమీ తెలియదని కాకుస్వరం.

ఇక్కడ ‘సెలక్టర్లకు’ అనకుండా ‘కోచ్‌కు’ అనడంలో ఔచిత్యం ఉంది. క్రికెట్‌లో పాపం అయిదుగురు సెలక్టర్లకు పంచిపెట్టవచ్చు, తలా కొంత భరిస్తారు. ఫుట్‌బాల్‌లో జట్టును ఎంచేది కోచ్ ఒక్కడే. తిట్టు మొత్తం చిల్లర లేని నోటులా ఒకే చేతిలో పడుతుంది. ఆ చెయ్యి కూడా అప్పుడు ఖాళీగా లేదు. 2024 జులైలో జాతీయ జట్టు బాధ్యత తీసుకున్న ఈ కోచ్ ఆ సీజనంతా ఎఫ్‌సీ గోవాకు కూడా కోచే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడికి ఒడ్డున ఉన్నవాళ్ళు సలహాలివ్వడం లోకరీతి.

ఈ పాదానికి పాఠాంతరం ఒకటుంది, అది చాలా ముఖ్యం. 2022 మార్చి 20 నాటి ప్రతిలో “గా కోచ్‌కు దెల్వందేమున్నదన్నా!” అని ఉంది. ఆ రాత్రి మడ్‌గావ్ ఫతోర్డా మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా నిలిచి, పెనాల్టీల్లో 3-1తో గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ పెనాల్టీల వేళ దేవుడయ్యాడు. ఆ జట్టు కోచ్ ఎవరు? ఈ మార్కెజే. కోచ్ ఒకడే, నోరు ఒకటే, హోటల్ కూడా ఒకటే. మూడేళ్ళలో ‘దెల్వందేమున్నది’ కాస్తా ‘ఏం దెల్సు’ అయింది. లేఖక దోషమని నవ్యులంటారు. కాదు, రెండూ కవి స్వహస్తంతో రాసినవేనని మా సిద్ధాంతం. నడుమ జరిగింది కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో ఇదే కోచ్ తొలి పరీక్ష మన గచ్చిబౌలిలోనే, ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో. మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. నవంబరులో అదే మైదానంలో మలేషియాతో 1-1. సొంత గడ్డ మీద టికెట్టు కొని చూసిన మనిషికి ఆ మాత్రం పాఠభేదం రావడం సహజం.

మనోణ్ని = మనవాణ్ని. ఈ పదం మీద వ్యాఖ్యాతలకు ఎడతెగని వాదం. మనవాడంటే మన ఊరివాడని ప్రాచీనులు. వారి కాలానికి అది చెల్లింది. ఇదే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కూ, 1962 జకార్తా ఆసియా క్రీడలకూ వెళ్ళాడు. నాటి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ తెచ్చుకుంది. అప్పట్లో ‘మనోడు’ అంటే ఎవరని అడగాల్సి వచ్చేది కాదు, ఎందరని అడిగితే సరిపోయేది. ఇప్పుడు ఆ అర్థం పొసగదు. జాతీయ జట్టు పట్టికను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివినా గోదావరి, కృష్ణా, మూసీ నీళ్ళు తాగి పెరిగిన పేరు తగలదు.

కనుక లక్షణార్థం చెప్పుకోవాలి: ఏనాడో ఒకనాడు హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ తొడిగినవాడు మనోడు. ఈ లెక్కన గోవాలో పుట్టిన లిస్టన్ కొలాసో మనోడే. సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్ మనోడే. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రా సైతం మనోడే. మొదటి ఇద్దరూ మోహన్ బగాన్‌కు, మూడోవాడు ముంబయి సిటీకి వెళ్ళిపోయారు కదా అంటే, ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళినంత మాత్రాన ఇంటిపేరు మారుతుందేమో గానీ పుట్టిల్లు మారదని సమాధానం. మూలంలో పక్కన పెట్టబడినవాడు వీరిలో ఎవడో కవి చెప్పలేదు. అది ధ్వని.

ఆడపిల్ల అన్నాం గనుక ఒక మాట. ‘మనోడు’ కోసం ఇంత వెతికే ఈ చాయ్ హోటల్‌లో ‘మన పిల్ల’ పేరెత్తినవాళ్ళు లేరు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతోంది. 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆమెనే ఎంచింది. మగవాళ్ళు బంగ్లాదేశ్ మీద ఒక గోల్ కొట్టలేక తంటాలు పడ్డ ఏడాదే, మహిళలు థాయిలాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. కవికి లింగవివక్ష ఉందని మేము అనం. ఆ మ్యాచ్ వచ్చే వేళకు చాయ్ హోటల్ టీవీలో ఏముందో ఊహించగలం, అంతే.

నలభై ఏండ్లాయనను = సునీల్ ఛేత్రీని. మల్ల = వీడ్కోలు చెప్పిన తర్వాత. 2024 జూన్ 6న కలకత్తా సాల్ట్ లేక్‌లో కువైట్‌తో ఆడి, 94 గోల్స్ దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళినవాణ్ని తొమ్మిది నెలలకు పిలిచారు. వచ్చీ రాగానే మాల్దీవులపై ఒకటి కొట్టాడు, 3-0తో గెలిచాం. 2023 నవంబరు తర్వాత మనకదే తొలి గెలుపు. ఆరు రోజులకు బంగ్లాదేశ్ వచ్చింది. ఆ రాత్రి ఆయన కొట్టలేదు, మిగతావాళ్ళూ కొట్టలేదు, కానీ వయసు మాత్రం ఆయనదే లెక్కపెట్టారు.

శంక: ఇరవై రెండేళ్ళ పోరగాళ్ళు లేరా? సమాధానం: ఉన్నారు, గోల్స్ లేవు. ఆ సీజన్లో ఐఎస్ఎల్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన భారతీయుడు ఈ నలభై ఏళ్ళాయనే.

మళ్ళీ శంక: పోరగాళ్ళకు గోల్స్ ఎందుకు లేవు? దీనికి పూర్వపక్షి సిద్ధంగా ఉన్నాడు: “క్లబ్బులల్ల ముంగట విదేశీయున్నే వెడ్తరన్నా, మనోల్లకు ఆటెక్కడిది?” ఈ మాట అక్షరాలా నిజం. గోల్ కొట్టే చోటును క్లబ్బులు పరదేశికి రాసిచ్చాయి, మనవాళ్ళు అంచుల వెంట పరుగెత్తి బంతి అందిస్తారు. కానీ వ్యాఖ్యాతకు జ్ఞాపకశక్తి శత్రువు. 2021-22లో హైదరాబాద్ ముందువరసలో పద్దెనిమిది గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నది నైజీరియావాడు బార్తొలొమ్యూ ఒగ్బెచే. అప్పుడు ఈ కవి “ఒగ్బెచేను తీసి మన పిల్లగాణ్ని దింపుండ్రి” అని అన్నట్టు ఏ ప్రతిలోనూ దొరకదు. ఒగ్బెచే పేరుతో గొంతు పోగొట్టుకున్నట్టు మాత్రం దాఖలా ఉంది. మరి ఇది స్వవచోవ్యాఘాతం కాదా? కాదు. అధికారభేదం చేత విరోధం లేదు. క్లబ్బు మ్యాచ్ రోజున ఆయన క్లబ్బు మనిషి, దేశం మ్యాచ్ రోజున దేశం మనిషి. ఈ ఇద్దరూ ఒకే చొక్కాలో ఉంటారు గానీ ఒకరికొకరు పరిచయం లేదు.

ఇదే న్యాయం తర్వాతి పాదానికి కూడా. క్లబ్బులోల్లు పిల్లగాండ్లను ఇడుస్తరా అంటే ఇడువరు: ఇది గుండె మండి అన్నమాట. ఫిఫా కేలండర్లో జాతీయ మ్యాచ్‌లకు కేటాయించిన రోజుల్లో క్లబ్బులు ఆటగాళ్ళను విడిచి తీరాలి. ఆ రోజులు దాటితే విడవడం దయ, విడవకపోవడం హక్కు. ఆసియా క్రీడలు ఆ కేలండర్ బయట ఉన్నాయి. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌకు జట్టును పంపే వేళ, ఐఎస్ఎల్ మొదలయ్యే వేళ ఒకటైంది. క్లబ్బులు బిగదీశాయి, ఫెడరేషన్ బతిమాలింది, పట్టిక కొట్టివేతలతో నిండిపోయింది. ముందురోజు సాయంత్రం దిగిన జట్టు మర్నాడే చైనాతో ఆడి 1-5తో ఓడింది. ఈ ఛేత్రీయే అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో వెళ్ళాడు. రెండు రోజులకు లీగు మొదలైంది. చైనా మ్యాచ్ చూసి క్లబ్బులను దేశద్రోహులన్న నోటితోనే, తన క్లబ్బు బరిలోకి దిగే రోజున “ఫుల్ టీమ్ ఉండాలె” అని కోరనివాడు ఈ జంటనగరాల్లో ఉంటే మాకు చూపించండి, దండం పెట్టుకుంటాం.

జట్టు ఎంపికలో వేదాంగాలు కూడా ఉన్నాయని ఇక్కడే చెప్పాలి. ఆ సెప్టెంబరులోనే పత్రికల్లో ఒక సంగతి వచ్చింది: అంతకు ముందటేడు ఆసియా కప్ క్వాలిఫయర్ల వేళ అప్పటి కోచ్ ఆటగాళ్ళ పేర్లు ఒక జ్యోతిష్యుడికి పంపేవాడని. ఆరు వేదాంగాల్లో జ్యోతిషం ఒకటి కనుక శాస్త్రవిరోధం లేదు. ఆఫ్‌సైడు దోషానికి శాంతి ఉందా అన్నది మాత్రం విచార్యం.

రహీం సాబ్ ఉంటె = సయ్యద్ అబ్దుల్ రహీం బతికుంటే. ఇది శబ్దప్రమాణం. ఈ పేరు వచ్చాక హోటల్‌లో ఇక వాదం నడవదు. హైదరాబాదు మాస్టారు, పోలీసు జట్టు గురువు, మెల్బోర్న్‌లో దేశాన్ని నాలుగో స్థానానికి, జకార్తాలో స్వర్ణానికి చేర్చినవాడు. క్యాన్సర్‌తోనే జకార్తా వెళ్ళి, మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఇంతవరకు కవితో మాకు పేచీ లేదు.

కానీ రహీం సాబ్ చేసిన ఎంపిక ఒకటి ఈ హోటల్ ముందు పెట్టి చూద్దాం. జకార్తాలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన డిఫెండరు, దేశంలో అంతటి వెనక గోడ లేదు. సెమీఫైనల్‌కు రహీం సాబ్ ఆ కట్టు కట్టిన తలను తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు! ఆ సాయంత్రం టీవీ ఉండి, చాయ్ ఉండి, మన కవి ఉండి ఉంటే ఏమనేవాడు? “అరె, గా కోచ్‌కేం దెల్సన్నా!” అనేవాడు, సందేహం లేదు. జర్నైల్ సెమీఫైనల్లో కొట్టాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లో పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. గెలిచాక ఆ ఎంపిక దూరదృష్టి అయింది. ఇంకొక ఊహ: మెల్బోర్న్ జట్టులో హైదరాబాదువాళ్ళు అంతమంది ఉంటే కలకత్తా చాయ్ దుకాణాల్లో ఎవరూ గొణుక్కోలేదంటే నమ్ముదామా? అక్కడ మన ‘మనోడు’ వాళ్ళ ‘వాళ్ళోడు’.

గిట్లయ్యేదా = అయ్యేది కాదని భావం.

తాత్పర్యం: ఇండియా గోల్ కొట్టలేదు.

ప్రక్షిప్తం: దీని తర్వాత కొన్ని ప్రతుల్లో మరొక సంభాషణ కనిపిస్తుంది. అది అదే ఏడాది చివరిదని చేతిరాత చెబుతోంది. అప్పటికి మార్కెజ్ వెళ్ళిపోయి ఖాలిద్ జమీల్ వచ్చాడు, సింగపూర్ చేతిలో మడ్‌గావ్‌లోనే 1-2తో ఓడి ఆసియా కప్ దారి మూసుకుంది. అంతకన్నా దగ్గరి దెబ్బ ఇంకొకటి. జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోయి, 2023-24లో ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున మిగిలిన హైదరాబాద్ ఎఫ్‌సీ, చేతులు మారి, 2025 అక్టోబరులో పేరుతో సహా ఢిల్లీకి మకాం మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఊళ్ళో శ్రీనిధి డెక్కన్ ఉంది. ఐ-లీగ్‌లో వరుసగా రెండేళ్ళు రెండో స్థానంలో నిలిచిన జట్టది. కానీ కవి ఆ పేరెత్తడు, అది ఆయన మొండితనం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, చితికిపోయిన క్లబ్బు మీది కోపం దేశం కోచ్ మీద చూపించాడని ఇప్పుడు మూలాన్ని మళ్ళీ చదివితే తోస్తుంది. ఆ సంభాషణ ఇది:

“అన్నా, ఢిల్లీ మ్యాచున్నది. పెట్టాల్నా?”

“మనదేనారా అది?”

“ప్లేయర్లు కొందరు మనోల్లే ఉన్నరే.”

“పెట్టు. గెలిస్తె మన పిల్లగాండ్లు గెల్చిండ్రందాం. ఓడితె ఢిల్లీ ఓడిందందాం.”