ఉగ్గుగిన్నె చెప్పుకున్న కథ

నేను వెండి ఉగ్గుగిన్నెను. 1962లో అమలాపురంలో ఒక కంసాలి చేతిలో రూపు దిద్దుకున్నాను. గుండ్రటి అడుగు, నున్నటి అంచు, ఒక పక్కకు సాగిన చిలకముక్కు. ఆ ముక్కు దగ్గరే కంసాలి ఎక్కువసేపు కూర్చున్నాడు. అక్కడ ఇసుమంత గరుకు మిగిలినా పసిపెదవి గీరుకుంటుంది. నన్ను కొన్నది ఒక మేనమామ. చెల్లెలి కూతుర్ని ఉయ్యాల్లో వేసే రోజున తాంబూలంతో పాటు నన్ను ఆమె ఒళ్లో పెట్టాడు.

కోనసీమలో కొబ్బరితోటల మధ్య పెంకుటిల్లు అది. ఆ ఇంట్లో బిడ్డ చాప మీద ఉన్న సమయం తక్కువ. పొద్దున్నే అమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చునేది. బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, సున్నిపిండితో నలిచి, వేణ్నీళ్లు పోసేది. ఒళ్లు తుడిచి సాంబ్రాణి పొగ వేసే పని పెద్దత్తది. ఆ తర్వాత బిడ్డ ఎవరి భుజం మీద నిద్రపోయేదో బాలింతకు కూడా తెలిసేది కాదు. వెల్లుల్లి కారంతో అన్నం తిని, చెవులకు గుడ్డ కట్టుకుని ఆమె హాయిగా పడుకునేది. పాలవేళకు ఎవరో ఒకరు బిడ్డను తెచ్చి పక్కన పడుకోబెట్టేవాళ్లు.

ఆ ఇంట్లో బిడ్డ ఎదుగుదలకు ప్రతి మెట్టు దగ్గరా ఒక పిండివంట ఉండేది. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. బిడ్డ గడప పట్టుకుని అవతలికి కాలు పెట్టిన రోజున ఆ తండ్రి ముఖం చూశాను. పొలం నుంచి వచ్చి, బురద కాళ్లు కూడా కడుక్కోకుండా వాకిట్లో నిలబడి, కూతురు మళ్లీ దాటుతుందేమోనని ఎదురుచూస్తూ ఉండిపోయాడు. పిల్ల గడప దాటడం కంటే పెద్ద విషయం ఆ రోజు ఆయనకు లోకంలో లేదు. తల్లిదండ్రుల సంతోషం ఇంత చిన్న చోట, ఇంత నిండుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అప్పట్లో నా ముక్కులోంచి పాలే కాదు, ఆముదం పోశారు, వసకొమ్ము అరగదీసి పోశారు, తేనె కూడా పోశారు. పోసిన చేతుల్లో ప్రేమకు లోటు లేదు. కానీ ఆ ఆచారాన్ని నేను వెనకేసుకురాను. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదనీ, ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదనీ ఇవాళ డాక్టర్లు చెప్పేదే సరైన మాట.

1965లో ఆ తల్లికి కొడుకు పుట్టాడు. బొద్దుగా ఉండేవాడు. నన్ను రెండు చేతులతో పట్టుకుని నా అంచును కొరికేవాడు. కొత్తగా వచ్చిన పళ్ల గుర్తులు నా మీద ఇంకా ఉన్నాయి. మరుసటి ఏడాది వానాకాలంలో కాలువ నీళ్లు మారినప్పుడు వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని ఊళ్లో అందరి నమ్మకం. దాహం దాహం అని వాడు నా వైపు చెయ్యి చాపాడు. తల్లి నన్ను తీసుకుంది, పెద్దవాళ్లు వద్దన్నారు, మళ్లీ కింద పెట్టింది. మర్నాటికి కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. బండి కట్టి పట్నం బయల్దేరారు. బండి దారిలోంచే తిరిగి వచ్చింది.

అయిదేళ్ల తర్వాత, 1971లో, తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షలుగా తరలివచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపించి, బిడ్డల చేత తాగించమని అయినవాళ్లకే అప్పజెప్పాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఇవాళ ఆ ఉప్పు, గ్లూకోజుల మిశ్రమమే ఓఆర్‌ఎస్ పొట్లంగా అంగన్‌వాడీలో ఉచితంగా దొరుకుతుంది. గుక్కెడు గుక్కెడుగా పట్టాల్సిన ఆ నీళ్లు పట్టడానికి నాకంటే తగిన పాత్ర ఏముంటుంది? ఆ నీళ్లు 1966లో నాలో ఎవరైనా పోసి ఉంటే ఆ పిల్లవాడు బతికి ఉండేవాడనే నేను నమ్ముతాను. జ్ఞానం ఇల్లు చేరడంలో ఆలస్యమైతే దాని మూల్యం కట్టేది తల్లిదండ్రులే. ఆ తండ్రి ఆ తర్వాత ఎప్పుడూ వాడి పేరు ఎత్తలేదు. నన్ను భోషాణంలో అడుగున పెట్టించాడు. ఆ తల్లి మాత్రం ఏటా దీపావళికి ముందు నన్ను తీసి, విబూదితో తోమి, ఆ పళ్ల గుర్తుల మీద వేలితో తడిమి, మళ్లీ లోపల పెట్టేది.

నేను మళ్లీ వెలుగు చూసింది 1991లో, విశాఖపట్నంలో. ఆనాడు గడప దాటిన పిల్ల ఇప్పుడు తల్లి. ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. 1961 నాటి చట్టం ప్రకారం ఆమెకు దక్కిన ప్రసూతి సెలవు పన్నెండు వారాలు. మూడో నెల దాటగానే బిడ్డను అమ్మ చేతికిచ్చి బస్సెక్కేది. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతే కొంగు నిండుగా కప్పుకుని పని చేసుకునేదాన్నని రాత్రిపూట తల్లితో చెప్పేది. ఇంట్లో పాలపొడి డబ్బా, ప్లాస్టిక్ సీసా వచ్చాయి. గోడల మీదా పత్రికల్లోనూ బొద్దు పిల్లల బొమ్మలతో వాటి ప్రకటనలు. 1992లో ఆ ప్రకటనల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. మంచి చట్టం. కానీ తల్లిపాలు శ్రేష్ఠం అని డబ్బా మీద రాయించిన ప్రభుత్వం, ఆ పాలివ్వడానికి తల్లికి కావలసిన సెలవు ఇవ్వడానికి ఇంకో పాతికేళ్లు తీసుకుంది. 2017లో గాని ఆ పన్నెండు వారాలు ఇరవై ఆరు కాలేదు.

ఆ ఇంట్లో నన్ను జ్వరం మందుకే వాడారు. పల్స్ పోలియో చుక్కలు వేసే రోజున, నాలుగేళ్ల ఆ పిల్లను అమ్మమ్మ స్వయంగా చంకనెత్తుకుని తీసుకెళ్లింది. అడగకపోయినా క్యూలో ఉన్న తల్లులందరికీ ఆమె ఒకటే మాట చెప్పిందట: "వేయించండమ్మా, ఆలస్యం చేయొద్దు." ఆమె ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు. 2014 మార్చి 27న మన దేశంలో పోలియో లేదని ప్రకటించారు. అప్పటికి ఆమె లేదు.

ఇక హైదరాబాద్. 2023. మూడో తల్లి, అంటే ఆ నాలుగేళ్ల పిల్లే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భర్తదీ అదే ఉద్యోగం. నెలలు నిండకుండా, 33వ వారంలోనే కాన్పయింది. ఆడపిల్ల, 1,700 గ్రాములు. పుట్టగానే పసిపిల్లల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లోకి తీసుకుపోయారు. తల్లి ఒక అంతస్తులో, బిడ్డ ఇంకో అంతస్తులో. 34 వారాల లోపు పుట్టిన పిల్లలకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక వరసలో కుదరవు. అందుకే ముందు ముక్కులోంచి వేసిన గొట్టంతో పాలు పట్టారు. కాస్త పుంజుకున్నాక ఒక నర్సు స్టీలు పాత్ర తెచ్చింది. ఒక పక్కకు ముక్కు సాగిన చిన్న పాత్ర. ఆసుపత్రుల్లో దాన్ని పాలాడై అంటారు. సీసా కంటే శుభ్రం చేయడం తేలిక, సందుల్లో మురికి దాగదు, బిడ్డ తన వేగంలో తాను మింగుతుంది. అందుకే బరువు తక్కువ పిల్లలకు దాన్నే వాడమంటారు. విశాఖ నుంచి వచ్చిన అమ్మమ్మ దాన్ని చూసి, "ఇది మన ఉగ్గుగిన్నే కదా!" అంది. బిడ్డ ఇంటికి వచ్చేసరికి నేను మరిగే నీళ్లలో ఉన్నాను.

ఆ రాత్రుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెండు గంటలకోసారి పాలు. తల్లి పాలు పిండేసరికే అరగంట. బిడ్డను మెత్తటి గుడ్డలో చుట్టి, తల కాస్త ఎత్తులో పెట్టి, నా ముక్కును కింది పెదవి మీద ఆనించి, పెదవుల మూల నుంచి బొట్టు బొట్టుగా వంచాలి. మింగిందా లేదా చూసి మళ్లీ వంచాలి. తొందరపడితే పొలమారుతుంది. పొలమారితే ఆ చిన్న ముఖం కమిలిపోతుంది, పట్టే వాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. పట్టాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి, నన్ను కడిగి మరిగించాలి, కాగితం మీద ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోవాలి. ఇదంతా అయ్యేసరికి తర్వాతి పాలవేళకు మిగిలేది ఒక చిన్న కునుకు. అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో పగలు ఆసరా ఇవ్వగలిగేది గాని రాత్రి నిలవలేకపోయేది. నెల తిరక్కుండానే తాతయ్యకు ఒంట్లో బాగాలేదని ఆమె విశాఖ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ మూడు గదుల ఫ్లాటులో పెద్దవాళ్లు ఇద్దరే.

ఒక రాత్రి ఆ తల్లి నన్ను పట్టుకునే ఏడ్చింది. బిడ్డ బాగానే ఉంది, బరువు పెరుగుతోంది. అయినా ఏడుపు ఆగలేదు. "నేను దీనికి మంచి అమ్మని కాదు" అంది. భర్త ఏమీ వాదించలేదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు అని, అది జబ్బేనని, తగ్గుతుందని డాక్టర్ చెప్పింది. చికిత్సతో పాటు రాసిన మొదటి మందు నిద్ర. రాత్రిపూట కనీసం నాలుగైదు గంటలు ఎడతెగని నిద్ర ఉండాలంది. అప్పటి నుంచి అర్ధరాత్రి పాలవేళలు తండ్రివి. ముందే పిండి ఫ్రిజ్‌లో ఉంచిన పాలు గోరువెచ్చగా చేసి నాలో పోసి పట్టేవాడు. పట్టాక చొక్కా విప్పి, బిడ్డను గుండెకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలేవాడు. కంగారూ సంరక్షణ అంటారు దాన్ని. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని పిల్లలందరికీ పుట్టగానే మొదలుపెట్టమంటోంది. తల్లి ఒంటి వెచ్చదనం అందని వేళ తండ్రిది సరిపోతుంది. తన గుండెచప్పుడుకు బిడ్డ ఊపిరి నెమ్మదించడం తెలిసి ఆ యువకుడు చీకట్లో ఒక్కడే నవ్వుకోవడం నేను చూశాను. కోనసీమ వాకిట్లో బురద కాళ్లతో నిలబడ్డ అతని తాతమామగారి ముఖమే నాకు గుర్తొచ్చింది.

ఆ యువకుడికి కంపెనీ ఇచ్చిన సెలవు రెండు వారాలు. అదైనా కంపెనీ దయే. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి సెలవు ఇవ్వాలని మన దేశంలో చట్టమేదీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పదిహేను రోజులు ఉంది, అంతే. రాత్రంతా మేలుకున్న మనిషి పొద్దున తొమ్మిదికి లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. పిల్లల పెంపకం కష్టమని అందరూ అంటారు. నేను చూసినంతలో పిల్లల వల్ల వచ్చే అలసట తక్కువ, ఒంటరితనం వల్ల వచ్చే అలసటే ఎక్కువ. కోనసీమ తల్లి కూడా రాత్రి మేలుకుంది. కానీ తెల్లవారాక ఆమెకు నిద్ర దొరికింది.

ఆ ఫ్లాటుకు పనికొచ్చే అమ్మాయిది పాలమూరు. ఆమెకూ ఏడాదిన్నర బిడ్డ ఉంది. ఎవరు చూస్తారని అడిగితే, "పెద్దపిల్ల సూస్కుంటదమ్మ" అంది. ఆ పెద్దపిల్లకు ఏడేళ్లు. ఇరవై ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఇళ్లల్లో పనిచేసే వాళ్లకు అందదు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసదనం ఉండాలని 2017 చట్టసవరణ చెప్పింది. ఆమె పనిచేసేది నాలుగు ఇళ్లల్లో. అంగన్‌వాడీ బడిలో కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. బాలింత ఆమెతో, "రేపట్నుంచి నీ బిడ్డను కూడా తెచ్చుకో, నేను చూస్తాను" అంది. బిడ్డ వచ్చింది, పెద్దపిల్ల బడికి పోయింది. మంచి జరిగింది. కానీ ఒక ఇంటి మంచితనం మీద ఒక పిల్ల చదువు ఆధారపడటం సరికాదు. మూడేళ్ల లోపు పిల్లలకు ప్రతి బస్తీలోనూ ఒక శిశుసదనం కావాలి. మనం ఓట్లడిగే వాళ్లను నిలదీయాల్సిన విషయాల్లో ఇది ముందుండాలి.

ఇప్పుడు నా 1,700 గ్రాముల పిల్ల ఇంట్లో పరుగులు పెడుతోంది. నన్ను బొమ్మల బుట్టలో వేసుకుంది. బొమ్మకు ఉత్తుత్తి పాలు పడుతుంది. తేన్పు తెప్పించడం కూడా మరిచిపోదు, తండ్రి చేసినట్టే భుజాన వేసుకుంటుంది.

మీ అందరికీ నాదొక విన్నపం. బాలింత ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు పళ్లు, బట్టలు తీసుకెళ్తారు. బిడ్డ ఎవరి పోలికో చెబుతారు, పాలు చాలుతున్నాయా అని అడుగుతారు, తోచిన సలహా ఇస్తారు. ఈసారి వెళ్లినప్పుడు ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోండి. పాలు పట్టడం అయిందో లేదో కనుక్కుని బిడ్డను మీరు తీసుకోండి. ఆ తల్లిని, ఆ తండ్రిని లోపలికి పంపి, రెండు గంటలు పడుకోనివ్వండి.