వాహన వరణ శిఖామణికి జేజేలు

కొడకండ్ల బస్టాండు కిరీటమణీ, లడఖ్ మంచు కోసం కొన్న జాకెట్టుకు పాలకుర్తి దుమ్మైనా సోకనివ్వని శుచిమూర్తీ, 195 కిలోల బుల్లెట్టును సొంతంగా నడిపి అలసట పెట్టడం ఇష్టం లేక హైదరాబాదు దాకా మరో బండి మీద ఊరేగించ దలచిన దయాసముద్రా, తమరికి జేజేలు!

ఆ మరో బండిని తమరు వరించిన తీరు కొనియాడకపోతే ఈ కలానికి పాపం చుట్టుకుంటుంది. సామాన్యుడైతే టేపు పట్టుకుని బయల్దేరతాడు. 2005లో వచ్చి ఊరూరా చిన్న ఏనుగై తిరుగుతున్న టాటా ఏస్‌కు ముప్పావు టన్ను లెక్కకాకపోయినా తొట్టి పొడవు ఏడడుగులేనని, బుల్లెట్టు పొడవూ దాదాపు అంతేనని, ఐమూలగా నిలపకపోతే వెనక డాలా మూతపడదని, కాదంటే ఎనిమిది తొమ్మిది అడుగుల బొలేరో పికప్ ఉందని కొలతల్లో పడి కొట్టుకుంటాడు. తమరు పక్క మండలంలోని బమ్మెర గాలి పీల్చినవారు. పోతన రాజులకు తల వంచలేదంటారు. తమరు టేపుకు వంచలేదు. పాటల బాక్సులు ఎన్ని, అద్దం మీద ఏ హీరో బొమ్మ, కిరాయిలో మూడొందలు తగ్గుతుందా అనే మూడే మూడు ప్రశ్నలతో, తెల్లవారుజామున కోళ్లు దింపి ఈకలతో సహా వచ్చిన ఆ దివ్యరథాన్ని ఎంచుకుని, తోలు జాకెట్టుకు జన్మలో వదలని పరిమళం అద్దిన రసికులు!

ఎక్కించిన వైభవం ఇంకో ఎత్తు. బండిని గట్టుకు వెనక్కి ఆనించి చెక్క పలక వేస్తే ఒక్కడితో అయిపోయే పని. అంత చవకగా కానివ్వడం తమరి వంశంలో లేదు. నలుగురు మిత్రుల నడుములకు ఆ భాగ్యం ప్రసాదించారు. అప్పుడే ఆపిన బుల్లెట్టు సైలెన్సర్ పట్టుకున్న ఐదో మిత్రుడికైతే అరచేతిలోనే ముద్రాధారణ జరిపించారు. ఏ పీఠాధిపతి ఇంత త్వరగా అనుగ్రహిస్తాడు?

ఇక కట్టడం. పడుగూ పేకా లెక్క తప్పని నేతన్నల ఊరిది, ముడి వేయడం తెలిసిన చేతులు వీధికి పది ఉంటాయి. ఒక్కరినీ శ్రమపెట్టని సౌజన్యం తమరిది. ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, ఫోర్కుకు రెండు పక్కలా పట్టీలు వేసి, షాకబ్జర్లు కాస్త అణిగేదాకా బిగించి, స్టాండు తీసి, గేరులో ఉంచి, వెనక చక్రాన్ని కూడా కట్టడం పిరికివాళ్ల పద్ధతి. తమరు సైడు స్టాండు మీద నిలిపి, బట్టలారేసే తాడు తెచ్చి అద్దం కాడకు ఒక్కటే ఒక్క ముడి వేశారు. ఇనుముకు ఇంత స్వేచ్ఛ ఇచ్చిన ప్రభువును ఈ మండలం ఎన్నడూ చూడలేదు.

రైల్వే పార్సిలు వాళ్లు ట్యాంకులో పెట్రోలు తీసేయమంటారట, ఎంత లోభులు! తమరు అంచు దాకా నింపించి, మూత వదులుగా ఉంచి, దారి పొడవునా భూదేవికి అభిషేకం చేయించారు.

హెల్మెట్ సంగతి తలుచుకుంటే ఒళ్లు పులకిస్తుంది. సంచిలో సర్ది క్యాబిన్‌లో ఒళ్లో పెట్టుకోదగిన ఐఎస్ఐ ముద్ర గల ఆ శిరోరత్నాన్ని, మోకాలి కవచాలతో, బూట్లతో కలిపి తొట్టిలో విడిచి, గుంత గుంతకూ ఇనుప గోడలకు మోదుకోనిచ్చి, రేపు తల తినాల్సిన దెబ్బలన్నీ తల లేకుండానే ముందుగా తినిపించి, అనుభవం పండించి ఉప్పల్‌లో దించారు. బుల్లెట్టు కూడా ఒక పక్కకు ఒరిగి, ట్యాంకు మీద సొట్టతో, ఒంటి అద్దంతో, యుద్ధం గెలిచిన సామంతుడిలా దిగింది.

వచ్చే నెల తమరి మిత్రబృందం బండ్లన్నిటికీ వ్యాను మాట్లాడే భారం తమరే మోస్తున్నారని తెలిసి, మెకానిక్కులంతా చందా వేసుకుని తమరికి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించబోతున్నారు. ఫొటో అడగమన్నారు. జాకెట్టు వేసుకున్నదే పంపగలరు.