‘బై’ అంటే ఏమిటని అడగకండి

ఇంగ్లీషు ‘బై’ సరిగ్గా పట్టుబడాలంటే ఈ ఐదూ చేయండి. ట్యూషన్ మాస్టార్లు చెప్పేదానికి ఇవి తలకిందులే. అయినా నా మాట వినండి.

1. అర్థం అడగకండి. పక్కమాట లేకుండా ‘బై’కి అర్థం తేలదు. ‘బై ది విండో’ కిటికీ పక్కన. ‘బై బస్’ బస్సులో. ‘బై మిస్టేక్’ పొరపాటున. ‘బై ఫ్రైడే’ శుక్రవారానికల్లా. అన్నిటికీ ‘చేత’, ‘ద్వారా’ అని రాసుకుంటే ఒక్కటీ అతకదు. జంటమాటలుగానే బట్టీ పట్టండి. అవును, బట్టీయే.

2. రామరావణులను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ‘రావణ వాజ్ కిల్డ్ బై రామ’తో పాఠం మొదలుపెట్టకండి. ‘రాముని చేత చంపబడ్డాడు’ అని మన ఇళ్లలో ఎవరూ అనరు. తెలుగులోనే నోరు తిరగని వాక్యంతో ఇంగ్లీషు నేర్పితే పిల్లవాడికి రెండూ బరువే.

3. వ్యాకరణం మూసి హోటల్‌కి వెళ్లండి. ‘వన్ బై టూ సూప్’ చెప్పేవాడికి పంపకాల ‘బై’ వచ్చేసింది. ‘టెన్ బై ట్వెల్వ్ గది’ అనే మేస్త్రికి కొలతల ‘బై’ వచ్చు. వచ్చినదాన్ని పట్టుకుని రానిదాని దగ్గరికి నడవండి.

4. నియమం కంటే ముందు మినహాయింపు నేర్చుకోండి. ‘బై కార్’ సరే. సొంత కారైతే ‘బై మై కార్’ కాదు, ‘ఇన్ మై కార్’. నడిచి వెళ్తే ‘ఆన్ ఫుట్’. మనవాళ్లు తడబడేది ఇక్కడే.

5. వాక్యం చదివి ఊరుకోకండి, లెక్క కట్టండి. 20,000 జీతం ‘ఇంక్రీజ్డ్ బై 5,000’ అంటే చేతికొచ్చేది 25,000. ‘ఇంక్రీజ్డ్ టు 22,000’ అంటే పెరిగింది రెండు వేలే. గడువులూ అంతే. ‘సబ్మిట్ బై ఫ్రైడే’ అంటే శుక్రవారం దాటకుండా ఎప్పుడిచ్చినా చాలు. ‘ఓపెన్ అన్‌టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా తెరిచే ఉంటుంది. కల్లా, దాకా అన్న తేడా మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. దాన్నే ఆసరా చేసుకోండి.

అమ్మానాన్నలకూ, అయ్యవార్లకూ ఒక విన్నపం. పిల్లవాడు ‘బై’ తప్పు వాడితే సూత్రం అప్పజెప్పమనకండి. సరైన జంటమాట చెప్పి, పడుకునేలోగా ఇంకో రెండుసార్లు వాడించండి. మాట వాడుకలోనే వస్తుంది.